వెల్లకిలా తాబేలు

ముల్లుకి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ఆ తర్వాత మాట తగ్గుతుంది. మాట బొత్తిగా ఆగిపోయిందంటే ఎదుటివాడు తలుపు ఎటువైపుందో చూసుకోవడం మంచిది. ఈ సంగతి ఆమె పెద్దమ్మకి తెలుసు, షాపులో మిషన్లకి కూడా తెలుసేమో. ఆ పూట వానలో తడుస్తూ లోపలికి వచ్చిన కుర్రాడికి మాత్రం తెలియదు. పాపం అనుకోనక్కర్లేదు, అతనికి జరగాల్సిందే జరిగింది.

పెద్దమ్మది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు. స్కూలు బ్యాడ్జీలు, డాక్టర్ల కోట్ల మీద పేర్లు, సెక్యూరిటీ గార్డుల భుజాల మీద గద్దలు, అన్నీ అక్కడే కుడతారు. ఆరు సూదుల మిషన్లు రెండు, పన్నెండు సూదులది ఒకటి. ఏ బొమ్మ వచ్చినా, అందులో ఏ గీత మీద దారం ఎటు నుంచి ఎటు పోవాలో కంప్యూటర్లో గీసిపెట్టే పని ముల్లుది. అసలు పేరు వేరే ఉంది గానీ, చిన్నప్పుడు ఎత్తుకున్న ప్రతివాళ్ళనీ రక్కేదని పెద్దమ్మ పెట్టిన ముద్దుపేరే స్థిరపడిపోయింది. ఇరవై ఆరేళ్ళొచ్చినా ఆ పేరుకి న్యాయం చేస్తూనే ఉంది.

వచ్చినవాడి ఒంటి మీద లిఫ్టు కంపెనీ యూనిఫాం, మోచేతి దగ్గర గ్రీజు మరక, చేతిలో పెన్‌డ్రైవ్. జాకెట్ల వీపు మీద వేసుకునేంత పెద్ద బ్యాడ్జీలు తొమ్మిది కావాలన్నాడు, ఆదివారం లోపల. తొమ్మిదంటే మిషన్ ఎక్కించడం కూడా దండగ అని పెద్దమ్మ అనబోయి, జుట్టులోంచి నీళ్ళు కారుతున్న అతని మొహం చూసి జాలిపడి, ముల్లు వైపు చెయ్యి చూపించింది. ముల్లు పెన్‌డ్రైవ్ పెట్టి ఫైలు తెరిచింది.

తెర మీద ఒక డాలు. నిలువుగా రెండు సగాలు. ఒక సగంలో ఆకుపచ్చ మీద తాబేలు. రెండో సగంలో నీలం మీద ముళ్ళపంది. ఆ ముళ్ళపంది వెనక కాళ్ళ మీద లేచి నిలబడి, ముందుకాలితో కత్తి పట్టినట్టు ఒక సూది పట్టుకుని ఉంది. వీపు మీద పదమూడు ముళ్ళు. ఏడో ముల్లు కొంచెం వంకర.

అది గీసింది ఆమే. అయిదేళ్ళ కిందట, ఇదే కుర్చీలో కూర్చుని, బట్ట కింద వేసే బ్యాకింగ్ పేపరు ముక్క మీద గీసింది. ఏడో ముల్లు దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ గట్టిగా పిలవడంతో చెయ్యి కదిలింది. వంకరే బాగుందని ఉంచేసింది. ఆ బొమ్మ ఆమె సొంతం, ఆమె గుర్తు, ఆమె పరువు. ఇప్పుడది ఎవడి డాలు మీదో సగం జాగాలో తల దాచుకున్నట్టు నిలబడి ఉంది.

చెవులు ఎర్రబడ్డాయి.

ఎవరు గీశారని అడిగింది. ముళ్ళపంది తన స్నేహితురాలు గీసిందనీ, తాబేలు మాత్రం తనదేననీ, అందుకే అది బోర్లించిన గిన్నెలా ఉందనీ అతను నవ్వుతూ చెప్పాడు. కత్తులూ కోటలూ మంత్రాలూ ఉండే గేమ్ ఒకటుందనీ, అందులో ఎవరి గుర్తు వాళ్ళకుంటుందనీ వివరించబోయాడు. ఆమె వినిపించుకోలేదు.

"ఆ స్నేహితురాల్ని అడిగారా, వాడుకుంటున్నానని?"

అతని నవ్వు తగ్గింది. "అడిగే వీలు లేకపోయిందండీ."

శనివారం రండి అంది ముల్లు. ఆ రెండు మాటల తర్వాత ఇంక మాట్లాడలేదు. అతను వెళ్ళకుండా, ఇంకేదో అడగాలన్నట్టు ఆమె మొహం వైపు కాసేపు చూశాడు. ఆమె చూసిన చూపుకి మాట గొంతులోనే మింగేసి, వానలోకి దిగిపోయాడు.

ఆమెకి అంత మంట ఎందుకో తెలియాలంటే మూడేళ్ళు వెనక్కి పోవాలి.

అప్పట్లో షాపు కట్టేశాక రోజూ సాయంత్రం రెండు గంటలు ఆమె ఆ గేమ్ ఆడేది. తొమ్మిదిమంది కలిసి ఒక దళం, వాళ్ళకొక కోట. అసలు పేర్లు చెప్పుకోకూడదు, ఫోటోలు పెట్టకూడదు, మాట్లాడుకునేదంతా టైపు చేసుకోవడమే. అది వాళ్ళ నాయకుడు సేనాని పెట్టిన నియమం. సేనానికి నియమాలంటే ప్రాణం. దళంలో ఆమె వైద్యురాలు, పేరు సూదిమందు. దెబ్బ తిన్నవాళ్ళని లేపి నిలబెట్టడం ఆమె పని. అందరికంటే ముందు నిలబడి, అందరి దెబ్బలూ తనే తినేవాడి పేరు తాబేలు. రెండేళ్ళలో అతన్ని ఎన్నిసార్లు బతికించిందో ఆమెకే గుర్తు లేదు. బతికించిన ప్రతిసారీ నాలుగు తిట్లు టైపు చేసేది. అతను ఆ తిట్లని ఒక్కొక్కటిగా మెచ్చుకుంటూ జవాబిచ్చేవాడు. ఆ జవాబుల కోసం ఆమె పొద్దున్నించీ ఎదురు చూసేది. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, కాబట్టి మనమూ చెప్పలేదనుకుందాం.

వాళ్ళ కోట హాల్లో గోడ మీద అందరి డాళ్ళూ వరసగా వేలాడేవి. దళానికి ద్రోహం చేసినవాళ్ళ డాలుని మాత్రం తలకిందులు చేసి, ఎప్పటికీ అలాగే ఉంచేస్తారు. అది సేనాని ఎక్కడో చదివి తెచ్చిన పద్ధతి.

ఒక సాయంత్రం శత్రుదళం వచ్చి పడింది. కోట తలుపు మూసే మీట సూదిమందు చేతిలో ఉంది. నొక్కింది. తలుపు మూసుకోలేదు. మళ్ళీ నొక్కింది, మళ్ళీ మళ్ళీ నొక్కింది. శత్రువులు తీరిగ్గా నడిచి వచ్చి, రెండేళ్ళు కష్టపడి కట్టుకున్న కోటలో సగం తగలబెట్టి పోయారు. మంటలు ఆరకముందే సేనాని విచారణ పెట్టాడు. తలుపు కావాలనే తెరిచి ఉంచిందన్నాడు. నొక్కాను మొర్రో అంటే ఒక్కరూ నమ్మలేదు. ద్రోహి అన్నవాళ్ళు నల్లరాయి వేయాలి, కాదన్నవాళ్ళు తెల్లరాయి. ఏడు నల్లరాళ్ళు పడ్డాయి. మిగిలింది తాబేలు. అతని పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతూనే ఉంది, అంటే అక్కడే ఉన్నాడు. ఆమె అతన్ని పేరు పెట్టి పిలిచింది, మళ్ళీ పిలిచింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆమె కళ్ళముందే ముళ్ళపంది తలకిందులైంది.

ఆ పూటే గేమ్ మొత్తం చెరిపేసింది. గేమే కదే, దానికింత ఏడుపెందుకని పెద్దమ్మ ఓదార్చింది. నిజమే, కోట ఉత్తుత్తిదే. కానీ అబద్ధాలకోరని అనిపించుకున్న మనిషి ఉత్తుత్తి మనిషి కాదు. ఆ ఎనిమిదిమందిలో ఒక్కరైనా సరే, ఈ పిల్ల తప్పు చేయలేదని పదిమందిలో పైకి చెప్పాలి. మూడేళ్ళుగా ఆమెకి కావలసింది అదొక్కటే. అది జరగలేదు గనకే ఆ కోపం చల్లారలేదు.

ఇప్పుడు ఆ తాబేలు పెద్దమనిషి తగుదునమ్మా అని వచ్చాడు. నోరు విప్పాల్సిన రోజు విప్పలేదు గానీ, ద్రోహి అని గోడకెక్కించిన బొమ్మని తెచ్చి తన తాబేలు పక్కన సోకుగా పెట్టుకుంటాడట. ఇంకా నయం, బొట్టుబిళ్ళలా నుదుటి మీద పెట్టుకోలేదు.

ముల్లు మర్నాడు పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుంది. ముళ్ళపందిని అలాగే ఉంచింది. తాబేలుని మాత్రం పట్టుకుని తలకిందులు చేసింది. కాళ్ళు పైకి, డిప్ప కిందికి. పన్నెండు సూదుల మిషన్ ఎక్కించి తొమ్మిదీ కుట్టింది. ఆకుపచ్చ దారం మూడుసార్లు తెగింది, మూడుసార్లూ పళ్ళు కొరుకుతూ ఎక్కించింది.

పెద్దమ్మ వచ్చి, కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని చూసింది. తాబేలు వెల్లకిలా పడిందేమిటే అని అడిగింది. వాళ్ళ పద్ధతే అంత అని చెప్పింది ముల్లు. వాళ్ళ పద్ధతో నీ పద్ధతో అని గొణుక్కుంటూ పెద్దమ్మ టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

శనివారం అతను వచ్చాడు. ముల్లు మాటలన్నీ నూరి సిద్ధంగా పెట్టుకుంది. ఇదేం కుట్టడం అని అతను గొంతు పెంచుతాడు, అప్పుడు మొదలుపెడదామని చూస్తోంది. అతను బ్యాడ్జీ చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో తాబేలు పొట్ట తడిమాడు. 

"సరిగ్గానే కుట్టారు," అన్నాడు తల ఎత్తకుండా.

నూరిపెట్టుకున్న మాటలన్నీ ఆమె నోట్లోనే ఉండిపోయాయి.

అతను నెమ్మదిగా ఆమె మొహంలోకి చూశాడు. "దీన్నిలా తిప్పితే ఏమిటో మా తొమ్మిదిమందికి తప్ప ఇంకెవరికీ తెలియదు. సూదిమందూ, నువ్వేనా?"

ఆ పేరుని రెండేళ్ళపాటు తెర మీద అక్షరాలుగా చూసింది గానీ, ఒక మనిషి గొంతుతో వినడం అదే మొదటిసారి. లోపల ఏదో మెత్తబడబోయింది. ముల్లు దాన్ని అక్కడే నొక్కిపట్టింది.

"ఆ పేరుతో పిలిచే హక్కు నీకు లేదు."

లేదని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, కౌంటర్ అవతలే నిలబడి చెప్పుకొచ్చాడు. ఆమె గీసిన ముళ్ళపందిలో గీతలన్నీ దారం పోయే దారిలోనే ఉన్నాయట. ఒకరోజు ఒక గార్డు భుజం మీది గద్దని దగ్గరగా చూస్తుంటే, ఈ బొమ్మ గీసినది కుట్టుపని తెలిసిన మనిషి అయ్యుండాలని తట్టిందట. అప్పటినుంచీ ఎంబ్రాయిడరీ షాపు కనబడితే చాలు, పెన్‌డ్రైవ్ పట్టుకుని లోపలికి పోవడం, ఫైలు తెరిచినవాళ్ళ మొహం చూడటం. ఇది పన్నెండో షాపు. మొన్న ఆమె మొహంలో ఏమీ కనబడలేదు సరికదా, చూడాలంటేనే భయమేసిందట.

"వెతికి ఏం చేద్దామని? ఆ రోజు పిలిస్తే పలకనివాడివి."

"ఆ రోజు నేను అక్కడ లేను."

ఏడంతస్తుల మేడలో లిఫ్టు మధ్యలో ఆగిపోయి, ఇద్దరు ముసలివాళ్ళు ఇరుక్కుపోయారని ఫోన్ వచ్చింది. ల్యాప్‌టాప్ మూయకుండానే పరిగెత్తాడు. పచ్చచుక్క అలాగే వెలుగుతూ ఉండిపోయింది. అతని తాబేలు కోట తలుపు కమాను కింద, సరిగ్గా దారికి అడ్డంగా నిలబడిపోయింది. మర్నాడు వచ్చి చూస్తే కోట కాలింది, సూదిమందు లేదు. ఎక్కడో తప్పు జరిగిందని అతను వారం రోజులు కూర్చుని ఆ తలుపు మూసి తెరిచి, తెరిచి మూసి చూశాడు. అప్పుడు బయటపడింది.

"మనవాడెవడైనా మధ్యలో నిలబడి ఉంటే ఆ తలుపు మూసుకోదు. మనవాడు నలిగిపోకూడదని అలా పెట్టారు. నువ్వు నొక్కావు. నేను అడ్డం ఉన్నాను. కోట పోయింది నా వల్ల."

ముల్లు కుర్చీలో కూర్చుంది.  మూడేళ్ళుగా అప్పుడప్పుడూ ఆమెకే అనుమానం వచ్చేది, తొందరలో తప్పు మీట నొక్కానేమోనని. నొక్కలేదు. తప్పు చేయలేదు. ఏడుపు రావాల్సిన చోట మళ్ళీ కోపమే వచ్చింది.

ఎవరికి చెప్పావని అడిగింది. సేనానికి చెప్పానన్నాడు. ఇంకెవరికి అని అడిగింది. ఇంకెవరికీ చెప్పలేదన్నాడు. ఇప్పుడిది బయటపెడితే దళం చీలిపోతుందనీ, ముద్దాయి ఎదురుగా లేకుండా విచారణ తిరిగి తెరవడం కుదరదనీ, నియమం నియమమేననీ సేనాని అన్నాడట. కనీసం ఆమె డాలైనా నిటారుగా పెట్టమని బతిమాలితే అదీ కుదరదన్నాడట. ఎవరైనా ఆ గుర్తుని తమ డాలులో కలుపుకుంటే మాత్రం గోడ మీంచి దిగుతుందట. అందుకని కలుపుకున్నాడు.

"మూడేళ్ళు నా బొమ్మని మోశావు," అంది ముల్లు. గొంతు పెంచలేదు, అదే భయంకరంగా ఉంది. "మోయమని నేనడగలేదు. మిగతా ఆరుగురికీ ఒక్క మాట చెబితే సరిపోయేది, అది చెప్పడానికి నోరు రాలేదు. నీ బాధ నువ్వు సుఖంగా పడ్డావు. నేనిక్కడ ద్రోహిగానే ఉన్నాను."

అతను బ్యాడ్జీలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. 

మర్నాడు ఆదివారం దళమంతా మొదటిసారి ఒకరినొకరు కలుసుకుంటున్నారనీ, అందరికీ తలొకటి పంచడానికే ఈ బ్యాడ్జీలనీ, తొమ్మిదోది ఆమె కోసమనీ అతను చెప్పాడు. అయితే నేనూ వస్తానంది. "అందరి ముందూ చెప్పు. నా బొమ్మ నాకిచ్చెయ్. ఆ తర్వాత నీ దారి నీది, నా దారి నాది."

సరేనన్నాడు. తాబేలుని సరిచేసి మళ్ళీ కుట్టిస్తానని, అంతదాకా పరదా వెనక చెవులు రిక్కించి నిలబడ్డ పెద్దమ్మ బయటికొచ్చి అంది. అక్కర్లేదండీ, ఇలాగే బాగున్నాయి అని అతను తొమ్మిదీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కుర్రాడు చెడ్డవాడు కాదే అంది పెద్దమ్మ. చెడ్డవాడు కాదు, పిరికివాడు అంది ముల్లు. పిరికితనానికి మందుంటుందేమో చూద్దాం, రేపు నేనూ వస్తానంది పెద్దమ్మ.

సైకిళ్ళ షాపు మీద మేడ గదిని అద్దెకి తీసుకున్నారు. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ప్రొజెక్టర్, తెల్లగోడ మీద కోట హాలు బొమ్మ, అందులో వరసగా డాళ్ళు. సేనాని అంటే ఆరడుగుల మనిషిని ఊహించుకుంది ముల్లు. తీరా చూస్తే భుజాలు వంగిన సన్నటి మనిషి, చంకలో ఒక ఫైలు. దళంలో మంటలు కురిపించే మంత్రగత్తెగా ఆడేది తెల్లమీసాల రిటైర్డ్ బస్సు డ్రైవరు. మిగతావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని ఇంకా నవ్వుకుంటున్నారు.

తాబేలు తన సంచి తెరిచి బ్యాడ్జీలు పంచేసరికి ఆ నవ్వులు ఆగాయి. ఇదేమిటి, నీ గుర్తు తిరగబడిందేమని సేనాని అడిగాడు. తాబేలు నోరు తెరిచేలోపే ముల్లు ముందుకొచ్చింది.

"నేను సూదిమందుని. నా గుర్తు నాకు కావాలి."

 సేనాని గొంతు సవరించుకుని ల్యాప్‌టాప్ మీదికి వంగాడు. కాసేపు వెతికి, ఆ గుర్తు ఇప్పుడు తాబేలు ఇంటికి చెందిందనీ, విడదీయాలంటే విడాకులు నమోదు చేయాలనీ చెప్పాడు. పెద్దమ్మ కుర్చీలోంచి సగం లేచింది. గోడ మీద పెద్ద అక్షరాల్లో పడింది: సంబంధం, భార్యాభర్తలు.

ముల్లు చెవులు చూసి పెద్దమ్మ భయపడింది.

"మన పెళ్ళెప్పుడయింది?" అని అడిగింది ముల్లు, తాబేలు వైపు తిరిగి. "నన్నెవరూ పిలవలేదే."

అతని మొహం కందగడ్డలా అయింది. "ఇంకొకరి గుర్తు కలుపుకోవాలంటే సంబంధం ఏమిటో రాయమంటుంది. మూడే ఉన్నాయి అందులో. కొడుకు, చనిపోయినవాళ్ళ వారసుడు, భర్త. నీకు కొడుకునని రాసుకోలేను. నువ్వు చనిపోయావని రాయడానికి నాకు చెయ్యి రాలేదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వబోయి మానేశారు. ముల్లుకి ఆ చివరి మాట ఎక్కడ తగలకూడదో అక్కడ తగిలింది. దాంతో ఇంకా ఒళ్ళు మండింది.

"విడదియ్యి."

"విడదీస్తే నీ డాలు మళ్ళీ గోడ మీదికి పోతుంది. తలకిందులుగా. అందుకే ఇన్నాళ్ళూ..."

"పోనీ. తలకిందులైనా అది నాది. ఇంకొకళ్ళ డాలులో నిటారుగా నిలబడాల్సిన గతి నాకు పట్టలేదు."

అతను ఇంక వాదించలేదు. ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్ళి నొక్కాడు. గోడ మీద అతని డాలు సగం బోసిపోయింది. చివర్లో నీలం డాలొకటి వచ్చి పడింది, ముళ్ళపంది కాళ్ళు పైకి పెట్టుకుని. మూడేళ్ళ తర్వాత దాన్నలా చూస్తే ముల్లు కళ్ళు మండాయి. తల మాత్రం దించలేదు.

అప్పుడు తాబేలు అందరి వైపూ తిరిగాడు. మాట మాటకీ తడుముకుంటూనే మొత్తం చెప్పాడు. ఫోన్ రావడం, కమాను కింద తన బొమ్మ నిలబడిపోవడం, తలుపు మూసుకోకపోవడానికి కారణం. అది తనకి వారంలోనే తెలిసిందనీ, సేనానికి చెప్పాననీ, చెప్పొద్దంటే నోరు మూసుకున్నాననీ, దళం విడిపోతుందని భయపడ్డాననీ, ఆ భయానికి ఈ మనిషిని బలి పెట్టాననీ చెప్పాడు. విచారణ మళ్ళీ తెరవమన్నాడు, ఈసారి ముద్దాయి తనే అన్నాడు.

సేనాని ఫైలు తిప్పుతూ, అలా ఎప్పుడుపడితే అప్పుడు తెరవడానికి నియమం ఒప్పుకోదని మొదలుపెట్టాడు. ముద్దాయి ఎదురుగా ఉంటే తెరవొచ్చని మీ నియమమే కదా అంది ముల్లు. నేను హాజరే, చూసుకోండి అంది. సేనాని ఫైలులోంచి తల ఎత్తలేదు.

బస్సు డ్రైవరు లేచాడు. "అమ్మాయ్, ఆ రోజు నల్లరాయి వేసినవాళ్ళలో నేనొకణ్ణి. నువ్వు చెప్పింది వినిపించుకోలేదు. తప్పు నాది. నువ్వు ద్రోహివి కాదు." తర్వాత ఇంకొకరు లేచారు, ఆ పక్కన ఇంకొకరు. రాయి వేసిన ఏడుగురిలో ఆరుగురు నోటితో పైకి అన్నారు ఆ మాట. ఏడోవాడు సేనాని. అతను అనలేదు గానీ, ఆరుగురు తన వైపే చూస్తుంటే ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేయక తప్పలేదు. నీలం డాలు గిర్రున తిరిగి నిటారుగా నిలబడింది. దాని పక్కనే ఆకుపచ్చ డాలు తలకిందులైంది.

ముల్లుకి ఏడుపొచ్చింది. అందరి ముందూ, దాచుకోకుండా ఏడ్చింది. పెద్దమ్మ కొంగు అందించింది. తిరిగి దళంలోకి రమ్మని నలుగురు అడిగితే, మీకు వైద్యం చేసే ఓపిక ఇప్పుడు లేదని చెప్పి మెట్లు దిగింది.

కింద వాన కురుస్తోంది. ఆటో పిలుస్తానని పెద్దమ్మ గొడుగు వేసుకుని ముందుకెళ్ళింది, కావాలనే నెమ్మదిగా. వెనక మెట్ల మీద బూట్ల చప్పుడు. తాబేలు వచ్చి, రెండడుగుల దూరంలో ఆగాడు.

కోపం పోలేదు అంది ముల్లు, తిరిగి చూడకుండానే. పోతుందని రాలేదన్నాడు. మరెందుకొచ్చావంది.

"అప్పుడు అడక్కుండా రాసేశాను. ఇప్పుడు అడిగి వెళదామని వచ్చాను. నువ్వంటే నాకిష్టం. నీ తిట్ల కోసమే రోజూ ముందుకెళ్ళి దెబ్బలు తినేవాణ్ణి. పన్నెండు షాపులు తిరిగింది క్షమాపణ చెప్పడానికొక్కదానికే కాదు. వద్దంటే వెళ్ళిపోతాను, మళ్ళీ కనబడను."

ఆమె గిర్రున తిరిగింది. "ఏడుగురు రాళ్ళు వేస్తే నాకు ఒళ్ళు మండింది, అంతే. నాలుగు రోజుల్లో వాళ్ళ పేర్లు కూడా మర్చిపోయాను. నువ్వు పలకలేదని మాత్రం నెల రోజులు అన్నం సహించలేదు. మూడేళ్ళు, రోజూ నిన్ను తిట్టుకోకుండా నిద్రపోలేదు. ఇష్టం లేనివాడి మీద ఎవరైనా మూడేళ్ళు కోపం పెట్టుకుంటారా? ఆ మాత్రం తెలియదా నీకు?"

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, వానలో అలాగే నిలబడిపోయాడు.

"మళ్ళీ నోరు మూసుకుని నిలబడ్డావూ," అంది ముల్లు.

"లేదు. ఇక మూసుకోను," అన్నాడు గబగబా, తడబడుతూ.

మలుపు దగ్గర పెద్దమ్మ గొడుగు కింద నుంచి కేకేసింది. తడవడం అయితే ఇలా వచ్చి మాట్లాడుకోమంది. ఇద్దరూ వెళ్ళి నిలబడ్డారు. పెద్దమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరు బాబూ అని అడిగింది. అమ్మ, అక్క ఉన్నారని చెప్పాడు. ఈ పిల్లతో వేగడం అంత తేలిక కాదని వాళ్ళకి ముందే చెప్పి, వచ్చే వారం తీసుకురమ్మంది. తననెవరూ అడగలేదని ముల్లు మండిపడింది. నిన్ను అడగాల్సినవాడు అడిగాడు కదే, నాకు వినబడింది అంది పెద్దమ్మ.

ముల్లు ఏమీ అనలేదు. చెవులు మాత్రం ఎర్రగానే ఉన్నాయి, అది కోపం వల్ల కాదని పెద్దమ్మ ఒక్కతే కనిపెట్టింది.